గీత మిగిలింది, వాక్యం జరిగింది

పేరు రాయొద్దంటూ ఒక పాఠకురాలు పంపిన ఉత్తరం ఇది. చాలా పొడవుగా ఉంది కాబట్టి విషయం చెడకుండా కుదించి ఇస్తున్నాను.

ఆవిడకు నలభై దాటాయి. ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీ చేస్తున్నారు. రెండేళ్ల కిందట చెల్లెలు ఆరంగుళాల ఈ-రీడర్ ఒకటి కొనిచ్చింది. ఇక కాగితాల కట్టలు మోయక్కర్లేదన్న సంతోషంతో చదవాల్సినవన్నీ అందులోకి ఎక్కించుకున్నారు. వాటిలో ముఖ్యమైనది ఆమె పరిశోధనకు ఆధారమైన ఒక నివేదిక. మూడు వందల పైచిలుకు పేజీలు, పీడీఎఫ్ రూపంలో. నాలుగు నెలలపాటు దాన్ని గీతలు గీస్తూ, పక్కన నోట్సు రాస్తూ చదివారు. పోయిన నెలలో గైడ్ గారు "ఇందులో కొన్ని చోట్ల సవరణలు చేశారు, ఇక ఇదే వాడండి" అని అదే నివేదిక కొత్త ప్రతి పంపారు. ఈవిడ పరికరాన్ని కంప్యూటర్‌కి తగిలించి, పాత ఫైలు మీదే కొత్తది కాపీ చేసేశారు. తెరిచి చూస్తే మొదటి అధ్యాయంలో గీతలు బాగానే ఉన్నాయి. రెండో అధ్యాయం నుంచి అంతా చెల్లాచెదురు. "ఒకచోట పట్టిక మధ్యలో సగం గీత, ఇంకోచోట ఖాళీ జాగాలో గీత, నిద్రమత్తులో గీసినట్టు" అని రాశారు. పరికరం పాడైందనీ, రీసెట్ చేస్తే బాగవుతుందనీ ఆఫీసులో ఒకరు చెప్పారట. చెయ్యనా వద్దా అన్నది మొదటి ప్రశ్న.

రెండోది కళ్ల సంగతి. పీడీఎఫ్ తెరిస్తే అక్షరాలు చీమల బారులా ఉంటున్నాయి, పైగా బూడిద రంగులో. పెద్దవి చేస్తే పేజీని అటూ ఇటూ లాగుతూ చదవాలి. అరగంటకే తల పట్టేస్తోంది.

మూడోది: ఐదు రంగుల్లో గీసిన హైలైట్లు లెక్కపెడితే 1,400 దాటాయి, బుక్‌మార్కులు 90. "ఏది దేనికి గీశానో నాకే తెలియట్లేదు. నేను చదువుతున్నానా, రంగులు వేస్తున్నానా?"

నాలుగోది ఉత్తరం చివర్లో, రాయాలా వద్దా అనుకుంటూనే రాసినట్టుంది. ఆ ఈ-రీడర్ మొదటి రోజు నుంచీ చెల్లెలి అకౌంట్ మీదే నడుస్తోంది. వయసు మళ్లిన తల్లిదండ్రుల్ని చూసుకోవడం గురించిన ఒక పుస్తకం చదువుతూ, ఒక వాక్యం పక్కన "అచ్చం మా చెల్లే. పని పడేసరికి మాయం" అని నోట్ రాసుకున్నారు. కొన్నాళ్లకి అదే పుస్తకం చెల్లెలు తన ఫోన్‌లో తెరిచింది. వారం రోజులు ఏమీ అనలేదు. తర్వాత ఆ పేజీ స్క్రీన్‌షాట్, దాని కింద "సారీ అక్కా" అని రెండు ముక్కలు పంపింది. ఈవిడ ఇంకా జవాబివ్వలేదు.

"ఇదంతా మూలన పడేసి మళ్లీ ప్రింటవుట్లకే వెళ్లిపోనా?" అని ముగించారు.

జవాబు:

ముందు ఆ రీసెట్ మాట మర్చిపోండి. ఈ జవాబు మొత్తం చదివే ఓపిక లేకపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. రీసెట్ చేస్తే పరికరంలో ఉన్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఆ తర్వాత నేను చెప్పేది దేనికీ పనికిరాదు. ఇది ఊరికే చెప్పడం లేదు. కొన్నేళ్ల కిందట నా రీడర్ ఒకటి మొరాయిస్తే, ఫోన్‌లో మాట్లాడిన సహాయకుడు "రీసెట్ చేసేయండి మేడమ్, పుస్తకాలు మళ్లీ వస్తాయి" అన్నాడు. పుస్తకాలు వచ్చాయి. నేను కేబుల్‌తో ఎక్కించుకున్న వాటి మీద రాసుకున్న రెండేళ్ల నోట్సు రాలేదు. అతను అబద్ధం చెప్పలేదు. పుస్తకాల గురించే చెప్పాడు, నేనే అన్నీ అనుకున్నాను.

మీ ఉత్తరంలో మీకు దిగులు పుట్టించిన వాక్యమే నాకు ధైర్యం ఇచ్చింది. మొదటి అధ్యాయంలో గీతలు సరిగ్గా ఉన్నాయి, రెండో దాన్నుంచి చెదిరాయి అన్నారు. అంటే పరికరం పాడవలేదు, మీ గీతలు పోనూ లేదు. అవి ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి, వాటి కింద కాగితం జరిగింది. కొత్త ప్రతిలో రెండో అధ్యాయం మొదట్లో ఎక్కడో నాలుగు లైన్లు చేర్చి ఉంటారు. అక్కణ్నుంచి వాక్యాలన్నీ కిందికి దిగాయి. గీతలకు ఆ సంగతి తెలియదు కదా.

దీన్ని కాస్త విడమరిచి చెప్తాను, ఎందుకంటే మీ నాలుగు ప్రశ్నల్లో మూడింటికి మూలం ఇక్కడే ఉంది. కాగితం పుస్తకంలో పెన్సిల్‌తో గీస్తే గీత పేజీలో భాగమైపోతుంది. పుస్తకం ఎవరికైనా ఇస్తే గీత కూడా వెళ్తుంది, పుస్తకం పోతే గీతా పోతుంది. ఈ-రీడర్‌లో అలా కాదు. మీరు వేలితో గీసినప్పుడు పుస్తకం ఫైలుకి చాలా పరికరాల్లో ఏమీ కాదు. పక్కనే వేరే చోట ఒక చిన్న చీటీ తయారవుతుంది: ఫలానా ఫైలు, 84వ పేజీ, పైనుంచి ఇంత దూరం, ఎడమ నుంచి ఇంత దూరం, అక్కడున్న మాటలు ఇవి, మీరు రాసిన నోట్ ఇది. మీరు ఫైలు తెరిచినప్పుడల్లా పరికరం ఆ చీటీ చూసి గీతల్ని పేజీ మీద మళ్లీ పరుస్తుంది. అద్దం మీద గీసి, ఆ అద్దాన్ని పేజీ మీద పెట్టినట్టు. మీరు అద్దం కింద పేజీ మార్చారు.

ఆ చీటీ ఉండే చోటు పరికరాన్ని బట్టి మారుతుంది. మీ రీడర్ ఏ కంపెనీదో రాయలేదు, కాబట్టి ఎక్కువమంది వాడేవాటి గురించి చెప్తాను. కిండిల్‌లో అయితే కంప్యూటర్‌కి తగిలించినప్పుడు కనిపించే డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో 'మై క్లిప్పింగ్స్' అనే మామూలు టెక్స్ట్ ఫైలు ఉంటుంది. మీరు గీసిన ప్రతి వాక్యం, రాసిన ప్రతి నోట్ తేదీతో సహా అందులో ఒకదాని కింద ఒకటి చేరుతూ ఉంటాయి. పుస్తకాన్ని తీసేసినా అందులోవి పోవు. కోబోలో 'కోబో' పేరుతో కనబడకుండా ఉండే ఫోల్డర్‌లో ఒక డేటాబేస్ ఫైలు ఉంటుంది, మార్కులన్నీ దాంట్లో. కోరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని ఉంటే, పుస్తకం పక్కనే అదే పేరుతో, చివర ఎస్‌డీఆర్ అని ఉన్న ఫోల్డర్ ఉంటుంది. పుస్తకాన్ని ఇంకోచోటికి జరిపినప్పుడు ఆ ఫోల్డర్‌ని కూడా జరపాలి, లేకపోతే రెండూ విడిపోతాయి.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. కేబుల్ తగిలించి, పరికరంలో ఉన్నదంతా, కనబడని ఫోల్డర్లతో సహా, కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. ఇంకా ఏదీ తెరవకండి, సరిచేయకండి. అది అయ్యాక గైడ్ గారు మొదట పంపిన పాత ఫైలు మీ మెయిల్‌లో ఉంటుంది, దాన్ని దించుకోండి. పరికరంలో ఉన్న కొత్త ఫైలుకి వేరే పేరు పెట్టి, పాతదాన్ని అచ్చంగా పాత పేరుతోనే, అదే ఫోల్డర్‌లో పెట్టండి. మీరు పైనే కాపీ చేసినా గీతలు అంటుకునే ఉన్నాయంటే మీ పరికరం చీటీలను ఫైలు పేరుతో ముడిపెట్టే రకం. గీతలు మళ్లీ వాటి వాక్యాల మీదకు వచ్చి కూర్చునే అవకాశం చాలా ఎక్కువ. అలా కాకపోయినా గీసిన మాటలు జాబితాలో ఉంటాయి. నోట్సు జాబితా తెరిస్తే, గీతకి ఇప్పుడు కింద ఉన్న మాటలు కాదు, గీసిన రోజున ఉన్న మాటలే చాలాసార్లు అక్కడ కనిపిస్తాయి. వాటిలో నాలుగు మాటలు తీసుకుని కొత్త ఫైలులో వెతికితే అసలు చోటు దొరుకుతుంది. విసుగు పని, కాదనను. కానీ పోయిన నాలుగు నెలలు ఒకట్రెండు రోజుల్లో వెనక్కి వస్తాయి.

ఇక ముందు ఏం చేయాలన్నది మీ ఇష్టం. మూడు దారులు కనిపిస్తున్నాయి, మూడింటికీ ఏదో ఒక మూల్యం ఉంది.

ఒకటి, పాత ప్రతిని ఎప్పుడూ తీసేయకపోవడం. ఫైలు పేరు చివర తేదీ పెట్టుకుని, కొత్త ప్రతి రాగానే దాని పక్కన ఇంకో పుస్తకంలా ఉంచుకోవడం. ఇది అన్నిటికంటే తేలిక. కానీ ఆర్నెల్లు తిరిగేసరికి ఒకే నివేదికకు ఐదు ప్రతులు, ఐదింటిలో తలో ముక్క నోట్సు ఉంటాయి. వైవాలో ఎవరైనా అడిగినప్పుడు ఏది దేంట్లో ఉందో వెతుక్కోవాలి.

రెండోది, గీతల్ని ఫైలులోకే రాయించడం. పీడీఎఫ్ 1993 నుంచి ఉన్న రూపం, 2008లో ఐఎస్‌వో అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణం అయింది. హైలైటు, అండర్‌లైను, చీటీ నోట్, చేత్తో గీసిన గీత, వీటన్నిటినీ ఫైలులోనే దాచుకునే ఏర్పాటు అందులో ఉంది. పేజీలోని అక్షరాలతో కలిసిపోకుండా, పైపొరలాగా ఉంటాయి. ఫోన్, కంప్యూటర్‌లలో వాడే పీడీఎఫ్ ప్రోగ్రాములు చాలావరకు అలాగే చేస్తాయి. కోరీడర్‌లో కూడా హైలైట్లను పీడీఎఫ్‌లోకి రాయమనే ఆప్షన్ ఉంది. అప్పుడు ఫైలు ఎక్కడికి వెళ్తే నోట్సు అక్కడికి వెళ్తాయి, పరికరం మార్చినా భయం లేదు. ఆ సుఖంలోనే చిక్కు కూడా ఉంది. ఆ ఫైలు గైడ్ గారికి పంపితే, మీరు 112వ పేజీ పక్కన "ఈ వాదన నాకు అర్థం కాలేదు, ఆయనకైనా అయిందా?" అని రాసుకున్నది కూడా ఆయన చేతికి వెళ్తుంది. చెల్లెలి విషయంలో ఒకసారి జరిగింది, రెండోసారి వద్దు. పంపే ముందు గుర్తులు లేని ప్రతి వేరుగా ఉంచుకోవాలి.

మూడోది నేను చేసేది, కాబట్టి పక్షపాతం ఉంటుందని ముందే ఒప్పుకుంటున్నాను. పరికరంలో గీతలు మాత్రమే గీస్తాను. అసలు ఆలోచన బయట, విడిగా ఒక నోట్సు ఫైలులో రాస్తాను. ప్రతి ఆలోచన ముందు ఆ వాక్యంలోని నాలుగైదు మాటలు యథాతథంగా ఎత్తి రాస్తాను. పేజీ నంబరు కూడా వేస్తాను గానీ దాన్ని నమ్మను. పేజీలు జరుగుతాయి, మాటలు అంత తొందరగా మారవు. ఇది నా సొంత తెలివేమీ కాదు. 2017లో వెబ్‌కి ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ వాళ్లు వెబ్ పేజీల మీద గుర్తులు పెట్టడానికి ఒక ప్రమాణం ఖాయం చేశారు. అందులో ఫలానా స్థానం అని చెప్పే పద్ధతితోపాటు, ఆ మాటలనూ వాటికి ముందూ వెనకా ఉన్న మాటలనూ పట్టుకుని చోటు గుర్తించే పద్ధతి కూడా ఉంది. పేజీ మారుతుందని వాళ్లకీ తెలుసు మరి. ఈ దారిలో ఇబ్బందల్లా, చదువుతున్నవాళ్లు చదువు ఆపి ఇంకోచోట రాయాలి. పడుకుని చదివే అలవాటుంటే ఇది సాగదు.

థీసిస్ కాబట్టి ఇంకొక్క మాట. ఈపబ్ అనే ఫైలు రూపంలో ఉన్న పుస్తకాల్లో, కిండిల్ పుస్తకాల్లో అక్షరాల సైజు మారిస్తే తెర మీద పేజీ మారిపోతుంది. అందుకే లొకేషన్ నంబర్లు, శాతాలు చూపిస్తారు. ఫుట్‌నోట్‌లో లొకేషన్ నంబరు వేస్తే పరీక్షకులు ఏమంటారో నాకంటే మీకే బాగా తెలుసు. కొన్ని పుస్తకాల్లో అచ్చు ప్రతి పేజీ నంబర్లు కూడా ఇస్తారు, ఉంటే సెట్టింగుల్లో అదే ఎంచుకోండి. పీడీఎఫ్‌లో కూడా తెర మీద 37 అని ఉన్నది కాగితం మీద 21 కావచ్చు, ముందుమాటకు, విషయసూచికకు వేరే అంకెలు వేస్తారు కాబట్టి. ఉదహరించేటప్పుడు పేజీ మీద అచ్చయిన అంకెనే చూడండి.

ఇప్పుడు కళ్ల సంగతికి వద్దాం. ఇందులో మీ తప్పు ఏమీ లేదు, లెక్కే కుదరదు. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడవు. మీ ఆరంగుళాల తెర వెడల్పు సుమారు 91 మిల్లీమీటర్లు, ఎత్తు 122. పేజీ మొత్తం తెరలో పట్టాలంటే కాగితం మీద ఉన్నదాంట్లో 41 శాతానికి కుంచించుకుపోతుంది. 11 పాయింట్ల అక్షరం నాలుగున్నర పాయింట్లు అవుతుంది. మందుల డబ్బాలో మడతపెట్టి ఉండే కాగితం మీద అక్షరాలు కూడా దానికంటే నయం.

చుట్టూ ఉన్న తెల్ల అంచుల్ని కత్తిరించమనే ఆప్షన్ మీ పరికరంలో ఉంటుంది, మార్జిన్ క్రాప్ అనో మరో పేరుతోనో. అది వాడి, మిగిలిన అక్షరాల భాగాన్ని తెర వెడల్పుకి సరిపెడితే ఆరు పాయింట్లు దాటుతుంది. పరికరాన్ని అడ్డంగా తిప్పి పెడితే ఎనిమిది దాటుతుంది. అది చదవదగ్గ సైజే. బదులుగా ఒక్కో పేజీకి రెండు మూడు సార్లు తిప్పాలి. రెండు వరసల్లో అచ్చేసిన పరిశోధన పత్రాలకైతే కాలమ్ వారీగా చూపించే పద్ధతి ఉందేమో చూడండి, ఎడమ వరస పైనుంచి కిందికి చూపించి, తర్వాత కుడి వరసకి తీసుకెళ్తుంది. పేజీని వేలితో లాగే బాధ పోతుంది. నా మటుకు ఆరంగుళాల తెర మీద ఇంతకుమించి ఏ కిటుకూ నిలబడలేదు.

పీడీఎఫ్‌ని ఈపబ్‌గా మార్చుకోవడం ఇంకో దారి. క్యాలిబర్ అనే ఉచిత ప్రోగ్రాము ఆ పని చేస్తుంది. వచనం మాత్రమే ఉన్న పుస్తకాలకు బాగానే ఉంటుంది, అక్షరాలు మీకు కావాల్సినంత పెద్దవి చేసుకోవచ్చు. మీ నివేదికలో పట్టికలు ఉన్నాయన్నారు కదా, అవి మాత్రం తలకిందులైపోతాయి. ఫుట్‌నోట్లు వాక్యం మధ్యలో వచ్చి కూర్చుంటాయి, పేజీ నంబర్లు గల్లంతవుతాయి. పైగా మార్చిన ఫైలు కొత్త ఫైలు, మీ పాత గీతలు దానికి రావు. అందుకని నివేదికకి ఇది వద్దంటాను, మిగతావాటికి ప్రయత్నించండి.

బూడిద రంగు గురించి. ఈ-ఇంక్ అనే ఈ రకం తెర కాంతి వెదజల్లేది కాదు. తల వెంట్రుక మందం ఉండే లక్షల గుళికల్లో నల్లని, తెల్లని రేణువులు ఉంటాయి, విద్యుత్తు సంజ్ఞ అందగానే అవి పైకీ కిందికీ కదులుతాయి. అక్షరం మరీ చిన్నదైతే దాని సన్నని గీతకి నిండు నలుపు పట్టేంత చోటు ఉండదు, అంచులు నునుపుగా కనబడటానికి పరికరం బూడిద చాయలు వాడుతుంది. అందుకే చిన్న అక్షరాలన్నీ వెలిసిపోయినట్టుంటాయి. పైన చెప్పినట్టు పెద్దవి చేస్తేనే సగం నలుపు వచ్చేస్తుంది. మిగతా సగానికి పీడీఎఫ్ తెరిచినప్పుడు వచ్చే కాంట్రాస్ట్ సెట్టింగుని ఒకటి రెండు మెట్లు పెంచండి. మరీ చివరిదాకా వెళ్తే ఫొటోలు మసిబారతాయి. ముందు పేజీ నీడ కొత్త పేజీ మీద కనిపిస్తుంటే, ప్రతి పేజీకీ పూర్తిగా రిఫ్రెష్ చేయమనే ఆప్షన్ పెట్టుకోండి. తెర ఒక్క క్షణం నల్లగా మెరుస్తుంది, బ్యాటరీ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, అంతే. పగలు కిటికీ పక్కన చదివేటప్పుడు లైటు అవసరం లేదు. రాత్రి పూట గదిలో దీపం వేసుకుని, రీడర్ లైటు గది వెలుగుతో సమానంగా ఉండేంత పెట్టుకోండి. చీకట్లో తెర ఒక్కటే వెలిగేలా పెట్టుకుంటే కళ్లు లాగుతాయి.

నలభై దాటాయని మీరే రాశారు కాబట్టి ధైర్యంగా అడుగుతున్నాను, కళ్లు పరీక్ష చేయించుకుని ఎన్నాళ్లయింది? తలనొప్పి నేరం మొత్తం పరికరం మీద వేయకండి. చత్వారం వచ్చి ఉంటే ఏ సెట్టింగూ దాన్ని సరిచేయదు.

పెద్ద తెర కొనుక్కోవాలా అని మీరు అడగలేదు గానీ ఆ ఆలోచన వచ్చే ఉంటుంది. 10.3 అంగుళాల తెర మీద అంచులు కత్తిరించిన ఏ4 పేజీ, అడ్డం తిప్పకుండా, పేజీ మొత్తం ఒకేసారి, తొమ్మిది పాయింట్లకు పైనే కనిపిస్తుంది. స్టైలస్‌తో పక్కన రాసుకోవచ్చు కూడా. కాకపోతే చేత్తో రాసింది బొమ్మే. పరికరం ఆ చేతిరాతను అక్షరాలుగా మార్చితే తప్ప వెతకడానికి దొరకదు. బరువు ఎక్కువ, ఒంటిచేత్తో పట్టుకోవడం కష్టం. ముందు మీ పాత పరికరాన్నే అడ్డంగా తిప్పి నెల రోజులు చూడండి.

మీరు ఐదు రంగులు వాడానన్నారు. ఫోన్‌లో వేసిన రంగులు నలుపు-తెలుపు తెర మీద బూడిద చాయలే. పసుపు దాదాపు కనిపించదు, ముదురు నీలం కింద అక్షరాలే కనిపించవు. రంగుల ఈ-ఇంక్ తెరలు వచ్చాయి గానీ, ఇప్పుడు ఎక్కువగా దొరికే కలైడో 3 రకంలో నలుపు అక్షరాలు అంగుళానికి 300 చుక్కలైతే రంగు 150 చుక్కలే. రంగు జల్లెడ అడ్డం ఉండటంతో తెర కూడా కొంచెం మసగ్గా ఉంటుంది. మీ ఫిర్యాదే బూడిద రంగు గురించి కాబట్టి అటు వెళ్లకపోవడమే మంచిదనుకుంటాను. రంగుకి బదులు నోట్‌లో ఒక గుర్తు పెట్టండి. ప్రశ్న అయితే రెండు ప్రశ్నార్థకాలు, థీసిస్‌లో వాడాల్సింది అయితే రెండు నక్షత్రాలు. ఆ కీబోర్డు మీద టైప్ చేయడం ఎంత నరకమో తెలుసు, రెండు గుర్తులకి మాత్రం ఎవరికైనా ఓపిక ఉంటుంది. జాబితా బయటికి తీశాక రెండు నక్షత్రాలు అని వెతికితే కావాల్సినవన్నీ ఒక్కచోటికి వస్తాయి.

స్కాన్ చేసిన పీడీఎఫ్‌లలో గీత అసలు పడకపోతే కంగారుపడకండి, అది ఫొటో, అందులో అక్షరాలు లేవు. ఓసీఆర్, అంటే ఫొటోలోని అక్షరాలను గుర్తించి టెక్స్ట్‌గా మార్చే పని, చేయించాలి. తెలుగు పీడీఎఫ్‌లతో ఇంకో తంటా ఉంది. పాత డీటీపీ ఫాంట్లతో చేసినవి చూడటానికి చక్కగా ఉంటాయి, గీతా పడుతుంది, కానీ నోట్సు బయటికి తీస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల గోల వస్తుంది. ఆ ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలు) కావు. అలాంటివాటిలో వెతకడం కూడా పనిచేయదు కాబట్టి పేజీ నంబరు, మీ మాటల్లో సారాంశం తప్ప గత్యంతరం లేదు.

1,400 హైలైట్ల విషయం. 2013లో జాన్ డన్లాస్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరికొందరు కలిసి విద్యార్థులు వాడే పది చదువు పద్ధతుల మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనల్ని సమీక్షించారు. హైలైట్ చేయడం తక్కువ ప్రయోజనం ఉన్నవాటిలో తేలింది. తనను తాను పరీక్షించుకోవడం, చదువును రోజుల మీదకి పంచుకోవడం పైన నిలిచాయి. అంటే గీతలు గీయొద్దని కాదు, గీసినంత మాత్రాన చదివినట్టు కాదు. కాగితం మీద పెన్సిల్ అరిగేది, చెయ్యి నొప్పెట్టేది, అందుకే ఆచితూచి గీసేవాళ్లం. ఇక్కడ వేలు కదిపితే చాలు.

ఆ 1,400 ఇప్పుడు చెరిపేయకండి, ఒక్కొక్కటీ చూస్తూ కూర్చోనూ వద్దు. పైన చెప్పినట్టు బయటికి తీసి ఒక ఫైలుగా దాచేయండి. ఇకనుంచి ఒక అధ్యాయం పూర్తయ్యాక పరికరం మూసి, అందులో ఏముందో మీ మాటల్లో ఐదారు లైన్లు రాసి, అప్పుడు తిరిగి వెళ్లి ఆ లైన్లకు ఆధారమైన వాక్యాలు మాత్రమే గీయండి. నెమ్మదిగా సాగుతుంది. రోజుకి ఇరవై పేజీలు చదివేవాళ్లు పన్నెండే చదువుతారు. గడువు దగ్గర్లో ఉంటే మొత్తం నివేదికకి కాకుండా మీ వాదనకి వెన్నెముక లాంటి రెండు అధ్యాయాలకే ఇలా చేయండి, మిగతాది మీ పాత పద్ధతిలోనే పోనివ్వండి. ఒక్క జాగ్రత్త: కొనుక్కున్న పుస్తకాల్లో బయటికి తీయగలిగే హైలైట్లకి ప్రచురణకర్తలు పరిమితి పెడతారు. అది దాటితే గీత పుస్తకంలో ఉంటుంది గానీ బయటి ఫైలులో ఆ వాక్యం రాదు. అతిగా గీసినవాళ్లకి నిజంగా కావాల్సిన వాక్యమే చిక్కకుండా పోవడం నేను చూశాను.

బుక్‌మార్కులకి పెద్ద ఆలోచన అక్కర్లేదు. అది మళ్లీ వెళ్లాల్సిన చోటు, వెళ్లి వచ్చాక తీసేయాలి. ఏ పుస్తకంలోనైనా ఐదు మించితే అవి బుక్‌మార్కులు కావు, వాయిదాలు.

ప్రింటవుట్లకు వెళ్లిపోనా అన్నారు. నివేదిక వరకు అయితే, వెళ్లండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. పట్టికలు పక్కపక్కన పెట్టుకుని పోల్చాలంటే కాగితాన్ని మించింది లేదు. అక్కడ మీ గీత ఎక్కడుందో మీకు తెలుసు, ఎవరి ఫోన్‌లోనూ తేలదు. కానీ కాగితంలో వెతకలేరు, కొత్త ప్రతి వచ్చిన ప్రతిసారీ మళ్లీ ప్రింటు తీయాలి, పాత గీతలు చేత్తో ఎక్కించుకోవాలి. ఈ సవరణ చివరిదేనా అని గైడ్ గారిని అడిగి ఆ తర్వాత నిర్ణయించుకోండి. మిగతా పుస్తకాలన్నీ రీడర్‌లోనే ఉంచుకోవచ్చు.

ఇక చెల్లెలు.

జరిగింది ఇదీ. కొనుక్కున్న పుస్తకాల మీద గీతలు, నోట్సు పరికరంలోనే కాక ఆ అకౌంట్‌లో కూడా నిలువ ఉంటాయి. అదే అకౌంట్‌తో ఎవరు ఆ పుస్తకం తెరిచినా నెట్ తగలగానే వాళ్ల తెర మీద పరుచుకుంటాయి. మీ చెల్లెలు మీ డైరీ తెరవలేదు. తన ఫోన్‌లో, తన అకౌంట్‌లో పుస్తకం తెరిస్తే మీ మాట ఎదురైంది. ఆమె వెతికి చదివిందేమో అన్న అనుమానం మీ ఉత్తరంలో ఎక్కడో తొంగిచూసింది, అది తీసేసుకోండి.

ఇకముందు ఇలా జరగకుండా మీ పేరుతో వేరే అకౌంట్ పెట్టుకోవడమే సరైన పని. మీ కంపెనీలో కుటుంబసభ్యులు విడివిడి అకౌంట్లతోనే పుస్తకాలు పంచుకునే సౌకర్యం ఉంటే, పుస్తకాలు ఇద్దరికీ ఉంటాయి, నోట్సు ఎవరివి వాళ్లకే. కానీ పరికరాన్ని పాత అకౌంట్ నుంచి విడదీస్తే అందులోవి చెరిగిపోవచ్చు. కేబుల్‌తో అన్నీ కాపీ చేసుకున్నాకే ఆ బటన్ జోలికి వెళ్లండి. అంత దూరం వెళ్లలేకపోతే సెట్టింగుల్లో నోట్సు బ్యాకప్ లేదా సింక్ ఆపేయొచ్చు. అప్పుడు మీ మాట మీ పరికరం దాటదు, పరికరం పోతే మాటా పోతుంది. రాయకుండా ఉండటం అనే దారి కూడా ఉంది, కానీ దాన్ని మీకు సూచించను. ఆ పుస్తకం అలాంటి మాటలు రాసుకోవడానికే చదివారు.

ఆ నోట్‌ని చెరిపేయాలని చెయ్యి లాగుతుంటుంది. ఆమెతో మాట్లాడకముందే చెరిపేస్తే అది ఆమె తెర మీద నుంచీ మాయమవుతుంది. ఆ మాయమవడాన్ని ఆమె ఎలా చదువుకుంటుందో మీరు ఊహించగలరు. అకౌంట్ మార్చడమూ అంతే, ముందు చెప్పకుండా చేస్తే తలుపు వేసుకున్నట్టు కనిపిస్తుంది. మెసేజ్‌లో వివరణ ఇవ్వబోతే "నీ గురించి కాదు" అనే అబద్ధం దగ్గర మొదలవుతుంది, అది ఆమె నమ్మదు. ఫోన్ చేస్తే ఆ మాట నిజమేనని ఒప్పుకోవాల్సి రావచ్చు: పని పడినప్పుడు మీరొక్కరే మోస్తున్నట్టు అనిపించిందని, అది ఆమెతో అనాల్సింది పుస్తకంతో అన్నారని. కష్టమైన ఫోన్. ఎదురుగా కూర్చుని మాట్లాడే వీలుంటే ఇంకా మేలు, ఎందుకంటే అమ్మానాన్నల పని ఎవరు ఎంత చూసుకోవాలన్నది ఎలాగూ తేల్చుకోవాలి, అది ఈ నోట్ వల్ల పుట్టింది కాదు. ఆమె వారం ఆగి "సారీ" అంది. కోపం వచ్చినవాళ్లు స్క్రీన్‌షాట్ కింద వేరే మాట రాస్తారు.

మీరు జవాబివ్వని రోజులు ఎన్నయ్యాయో రాయలేదు. కేబుల్ పని రేపు చేసుకోవచ్చు.